ఆటిజం అనుభవాన్ని లోపలి నుంచి చెప్పడానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పనికొస్తాయా?

నీలిగవ్వ
మా తమ్ముడికి ఆటిజం. ఇరవై దాటాయి వాడికి. వాడి జీవితకథ కాదు గానీ, వాడికి లోకం ఎలా అందుతుందో దాని మీద ఒక నవలిక రాయాలని చాన్నాళ్లుగా ఉంది. తెలుగులో నేను చదివిన కథల్లో ఆటిజం ఉన్న పిల్లాడు ఓ మూల కూర్చుని ఉంటాడు, కథంతా వాళ్లమ్మ కన్నీళ్ల చుట్టూ తిరుగుతుంది. చివర్లో వాడు "అమ్మా" అంటాడు, అందరూ ఏడుస్తారు, అయిపోతుంది. ఆ పిల్లాడికి ఆ రోజంతా ఏం వినిపించింది, చొక్కా మెడ దగ్గర లేబుల్ ఎంత గుచ్చుకుంది, ఎవరూ చెప్పరు.

మామూలు కథగా రాసి చూస్తే "శబ్దం భరించలేకపోయాడు, చెవులు మూసుకున్నాడు" అన్న దగ్గరే ఆగిపోతోంది. చదివేవాళ్లు అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తారు. నాకు ఆ పాపం అక్కర్లేదు. చదివేవాడి ఒళ్లు ఇబ్బంది పడాలి. అందుకే వేరే గ్రహమో, వేరే నియమాలున్న ఊరో పెడితే కుదురుతుందా అని ఆలోచన. ఇక్కడ ఈ రకం పుస్తకాలు చదివేవాళ్లు ఉన్నారు, ఆటిజంతో బతుకుతున్నవాళ్లూ ఉన్నారు. చెప్పండి.

సుబ్బు_డల్లాస్
బ్రహ్మాండంగా కుదురుతుంది. ఎలిజబెత్ మూన్ 'ది స్పీడ్ ఆఫ్ డార్క్' చదవండి, సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే నెబ్యులా అవార్డు 2003కి వచ్చింది. ఆవిడ కొడుక్కి ఆటిజం. లూ అనే అతను తన కథ తనే చెబుతాడు. మందుల కంపెనీలో ఉద్యోగం, తీరిక వేళల్లో కత్తిసాము. ఆటిజాన్ని తీసేసే ప్రయోగం ఒకటి వస్తుంది, ఒప్పుకోమని పైఅధికారి ఒత్తిడి పెడతాడు. వైద్యం కాస్త ముందుకెళ్లిందన్నమాటే గానీ మిగతాదంతా మన లోకంలాగే ఉంటుంది.

కర్నూలు_కుర్రోడు
అంత కష్టం ఎందుకక్కా. హీరోని గ్రహాంతరవాసిని చేసేయ్. భూమ్మీదికొచ్చినోనికి మన పద్ధతులు అర్థం కావు. రెడీమేడ్ కథ.

అద్దంవెనక
దయచేసి అది వద్దు. నాకు ఆటిజం, ముప్పై దాటాక తేలింది. "ఏ లోకం నుంచి ఊడిపడ్డావ్" అన్న మాట వింటూనే పెరిగాను. కథలో కూడా గ్రహాంతరవాసిని నేనే అయితే పాఠకుడు ఎక్కడుంటాడు? భూమ్మీద, తన ఇంట్లో, హాయిగా నన్ను చూస్తూ ఉంటాడు. అతని ఒంటికి ఏమీ తగలదు. నీలిగవ్వ గారు అడిగిందానికి ఇది సరిగ్గా రివర్స్.

స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష టీవీ సీరియల్లో గ్రహాంతరవాసి స్పాక్‌నీ, మనిషి రూపంలోని యంత్రం డేటానీ చూసి "ఇది నేనే" అనుకున్న ఆటిజంవాళ్లు బోలెడంత మంది. ఆ ప్రేమని తక్కువ చేయను, నాకూ కొంత ఉంది. కానీ ఆ పాత్రల బిగింపు అంతా భావాలు లేకపోవడం మీదో, అణచిపెట్టడం మీదో ఉంటుంది. నాకు భావాలు తక్కువై కాదు మాట రానిది. ఎక్కువై, నోరు పెగలక.

రాత్రిబండి
ఆటిజం ఉన్న అమెరికన్ పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ తనే అన్నారు కదా, తను అంగారకుడి మీద మానవశాస్త్రవేత్తలా ఉంటానని? నరాల డాక్టరు ఆలివర్ సాక్స్ 1995లో వేసిన పుస్తకానికి ఆ మాటే పేరు. ఆవిడకి లేని అభ్యంతరం మనకెందుకు?

అద్దంవెనక
ఆ మాటని ఇంకోసారి చూడండి. అందులో మనిషి ఆవిడ. నోట్సు రాసుకునేది ఆవిడ. అంగారకులు మీరందరూ.

రాత్రిబండి
నిజమే! ఇన్నేళ్లూ తిరగేసి చదువుతున్నాను. అయితే నీలిగవ్వ గారూ, మీ కథకి దారి ఇదే. మనిషిని మామూలుగా ఉంచి లోకాన్ని మార్చండి. పాఠకుడిలాంటి మామూలు మనిషి, తన ప్రమేయం లేకుండా వేరేవాళ్ల కోసం కట్టిన చోట పడాలి.

వరంగల్_వనజ
గంత దూరం పోవుడెందుకు, మన మయసభ లేదా? దుర్యోధనుడు నేల అనుకొని నీళ్లల్ల పడతడు, నీళ్లనుకొని నేల మీద బట్టలు ఎత్తుకొని నడుస్తడు. చుట్టున్నోళ్లకు ఏది ఏందో ఎరుకే, నవ్వుతరు. పండుగకు చుట్టాలింటికి పోతే నా బిడ్డ పరిస్థితి గిదే. ఏది పరాచికమో ఏది తిట్టో దానికి ముందుగాల తెల్వది. పడ్డంక తెలుస్తది. అప్పటికే అందరు నవ్వుతుంటరు.

కర్నూలు_కుర్రోడు
వనజక్కా, సూపర్. కానీ ఆయప్ప విలన్ కదా.

వరంగల్_వనజ
మనం పాండవుల దిక్కు నిలవడి చూస్తున్నం గనుక విలన్. ఆయన దిక్కు నిలవడి ఆ ఒక్క పూట రాయి, చూద్దాం.

రాత్రిబండి
మయసభ మాట నాకు బాగా నచ్చింది, ఒక్క చిక్కు తప్ప. అది చూసేవాళ్లని భ్రమ పెట్టాలనే కట్టిన సభ. మన ఆఫీసులూ స్కూళ్లూ ఎవర్నీ పడేయాలని కట్టినవి కావు.

అద్దంవెనక
కావు. కట్టేటప్పుడు మేం ఉన్నామని ఎవరికీ గుర్తురాలేదు, అంతే. కథలో ఆ తేడా చూపిస్తే చాలు. ఊళ్లోవాళ్లు దుర్మార్గులు కాకూడదు. మంచివాళ్లే, మర్యాదస్తులే, "ఇందులో అంత కష్టం ఏముంది" అని నిజంగానే ఆశ్చర్యపోయేవాళ్లు కావాలి. నాకు ఎదురైనవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే.

ఎనిమిదోరంగు
సైకాలజీ పీజీ చేస్తున్నాను, ఈ మాట మీద ఒక విషయం కలుపుతా. డేమియన్ మిల్టన్ అని ఇంగ్లాండులో సామాజిక శాస్త్రవేత్త, ఆయనకీ ఆటిజం. 2012లో ఒక వాదన పెట్టాడు: ఆటిజం ఉన్నవాళ్లకి ఎదుటివాళ్లు అర్థం కారన్నది సగం మాటే, ఎదుటివాళ్లకీ వీళ్లు అర్థం కారు, తెగేది రెండు వైపులా అని. 2020లో క్రాంప్టన్ బృందం దాన్ని పరీక్షకి పెట్టింది. ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పుకుంటూ పోవాలి, మన పిల్లలు చెవిలో మాట చెప్పుకునే ఆటే. ఒక వరసలో అందరూ ఆటిజంవాళ్లు, ఒక వరసలో ఎవరికీ లేదు, మూడోది కలగలుపు. మొదటి రెండు వరసల్లో కథ ఇంచుమించు ఒకేలా నిలబడింది. కలగలుపు వరసలో ఎక్కువగా చెదిరిపోయింది.

ఇందులోనే ఒక సైన్స్ ఫిక్షన్ కథ ఉంది. మూడు ఓడలు, ఒకే ఆదేశం, మూడో ఓడ దారి తప్పుతుంది. తప్పు ఎవరిదని విచారణ.

సుబ్బు_డల్లాస్
మూడో ఓడ మా ఆఫీసే, సోమవారం మీటింగ్ 😀 ఆ కథ మీరే రాయండి, మొదటి పాఠకుణ్ణి నేను.

మీనాక్షి_విశాఖ
అందరి మాటలూ చదివాను. ఒకటి అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఈ పుస్తకాల్లో అందరూ మాట్లాడతారు, ఉద్యోగాలు చేస్తారు, లెక్కలు చేస్తారు. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, మాట లేదు. ఫిట్స్ ఉన్నాయి. తట్టుకోలేనప్పుడు తల గోడకేసి కొట్టుకుంటుంది, నా అరచెయ్యి గోడకీ దాని తలకీ మధ్య పెడతాను. ఆటిజం తీసేసే మందు వద్దనే హీరో గురించి చదివితే నాకు కోపం వస్తుంది. ఫిట్స్ తీసేసే మందు రేపొస్తే రేపే వేస్తాను. మీ ఊహాలోకంలో మా పిల్ల ఎక్కడ?

సుబ్బు_డల్లాస్
మేడమ్, ఒక్క సవరణ. లూ వద్దనడు. చాలా ఆలోచించి చివరికి ఒప్పుకుంటాడు. అంతరిక్షానికి వెళ్లాలన్న కోరిక తీరుతుంది, కానీ అంతకుముందు ప్రేమించిన మనిషి మీద ఆ ప్రేమ మిగలదు. పాఠకులు ఇప్పటికీ కొట్టుకుంటారు ఆ ముగింపు మీద. కానీ మీ ప్రశ్నకి అది జవాబు కాదు, తెలుసు.

అద్దంవెనక
మీనాక్షి గారూ, ఫిట్స్ తగ్గాలని కోరుకోవడానికీ నేను అడిగేదానికీ గొడవే లేదు. నాకు మాట ఉంది, మీ అమ్మాయికి లేదు, ఆమె తరఫున నేను మాట్లాడితే అబద్ధం అవుతుంది. మీ ప్రశ్న ఈ చర్చలో పైనే ఉండాలి, కింద పడిపోకూడదు.

రాత్రిబండి
మాట లేని పిల్లల్ని ఈ సాహిత్యం వాడుకున్న తీరు కూడా చెప్పుకోవాలి. ఫిలిప్ కె. డిక్ 1964 నాటి నవల 'మార్షియన్ టైమ్-స్లిప్'లో మాన్‌ఫ్రెడ్ అనే పిల్లాడికి ఆటిజం. వాడికి కాలం వేరే వేగంతో నడుస్తుంది, ముందు రాబోయే శిథిలాలు ఇప్పుడే కనిపిస్తుంటాయి. ఆ పేజీలు చదువుతుంటే ఊపిరాడదు, అంత బలంగా రాశాడు. కానీ పెద్దలందరికీ ఆ పిల్లాడు పనిముట్టు. భూముల వ్యాపారం కోసం వాడి చేత జోస్యం చెప్పించుకోవాలని చూస్తారు. ఆ కాలంలో డాక్టర్లు కూడా ఆటిజాన్నీ స్కిజోఫ్రీనియానీ కలిపేసేవారు. మానసిక సమస్యల్ని వర్గీకరించే అమెరికా వైద్యుల డీఎస్ఎమ్ పుస్తకంలో ఆటిజం విడిగా చోటు సంపాదించింది 1980లో. నవలలోనూ ఆ కలగాపులగం కనిపిస్తుంది.

నేను దాని నుంచి తీసుకునేది ఒకటే: పిల్లకి అతీతశక్తి ఇవ్వొద్దు. మాట లేదు కాబట్టి బదులుగా ఏదో మహిమ ఉండి తీరాలన్నట్టు రాస్తారు. ఉండక్కర్లేదు.

బెజవాడ_బాబాయ్
మాట సంగతి వచ్చింది కాబట్టి. మా మనవడు సొంతంగా వాక్యం కట్టడు, విన్నవి చెబుతాడు. మా ఇల్లు స్టేషన్ దగ్గర. వాడికి బయటికి వెళ్లాలనిపిస్తే "దయచేసి వినండి" అంటాడు, అనౌన్స్‌మెంట్ గొంతుతోనే. ఆకలేస్తే పాల ప్యాకెట్ ప్రకటన. భయమేస్తే ప్లాట్‌ఫారం మారిందని చెప్పే ముక్క. మొదట్లో ఊరికే వల్లిస్తున్నాడు అనుకునేవాళ్లం. స్పీచ్ థెరపీ అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది, ఏ ముక్క ఎప్పుడొస్తోందో రాసుకోండి తాతగారూ అని. ఇప్పుడు మా ఇంట్లో ఒక నోట్‌బుక్ నిండా ఉంది. ఆ నోట్‌బుక్ ఉన్నవాడికి వాడు బాగానే మాట్లాడతాడు.

ఎనిమిదోరంగు
బాబాయ్ గారూ, స్టార్ ట్రెక్‌లో 1991లో 'డార్మాక్' అని ఒక ఎపిసోడ్ వచ్చింది. ఆ జాతివాళ్లు ప్రతి మాటా తమ పురాణగాథల్లోని సంఘటనగానే చెబుతారు. అనువాద యంత్రం పదాలన్నీ సరిగ్గానే ఇస్తుంది, అయినా కెప్టెన్‌కి ఒక్క ముక్కా అర్థం కాదు, కథ తెలియదు కాబట్టి. చివరికి నేర్చుకోవలసింది కెప్టెనే, వాళ్లు కాదు. మీ నోట్‌బుక్ అదే.

కర్నూలు_కుర్రోడు
మా జేజి కూడా అంతే, అడిగినదానికి సామెతే జవాబు. ఆ గ్రహంలో మా జేజి సర్పంచ్ అయిపోతుంది 😄 బాబాయ్, ఆ నోట్‌బుక్ సంగతి మాత్రం అదిరింది.

ఎనిమిదోరంగు
ఇంకో సలహా: మార్తా వెల్స్ 'ఆల్ సిస్టమ్స్ రెడ్' (2017, హ్యూగో, నెబ్యులా అవార్డులు రెండూ వచ్చాయి). సగం యంత్రం, సగం మనిషి అయిన సెక్యూరిటీ గార్డు. తన మీద ఉన్న అదుపు మాడ్యూల్‌ని తనే హ్యాక్ చేసుకుంటుంది, ఆ స్వేచ్ఛతో చేసే పని సీరియళ్లు చూడటం. హెల్మెట్ తీసి ముఖం చూపించడం దానికి నరకం. నేరుగా చూడలేని ముఖాల్ని గది కెమెరాల్లోంచి చూస్తుంది. ఆటిజం అన్న పేరు పెట్టకుండానే ఎంతమంది ఆటిజంవాళ్లు దాన్ని సొంతం చేసుకున్నారో.

అద్దంవెనక
కెమెరా సంగతి నాకు కంఠతా వచ్చు. వీడియో కాల్‌లో నేనూ మనుషుల ముఖాలు చూడగలను, ఎదురుగా ఉంటే చూడలేను. రోబో పాత్రలు వద్దంటారు కదా, మరి ఇదెలా నచ్చింది అని అందరూ నన్ను అడుగుతారు. ఇక్కడ రోబో మనకి వింతగా కనిపించదు, దాని పక్కన ఉన్న మనుషులు దానికి వింతగా కనిపిస్తారు. చెప్పే గొంతు ఎవరిదన్నదే అసలు సంగతి.

కానీ పేరు పెట్టకుండా వదిలేయడం నాకు సగమే చాలు. కొరీన్ డాయ్‌వీస్ 'ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ గాన్' (2016) చూడండి. 2035లో తోకచుక్క పడబోతోంది, ఆమ్‌స్టర్‌డామ్‌లో డెనీస్ అనే అమ్మాయి, ఆటిజం అని పుస్తకంలోనే ఉంటుంది. రచయిత్రికీ ఉంది. తప్పించుకునే ఓడలో పనికొచ్చేవాళ్లకే చోటు. ఎవరు పనికొస్తారన్న లెక్క ఎవరు వేస్తారు? మీనాక్షి గారి ప్రశ్నకి దగ్గరగా వచ్చే పుస్తకం నాకు తెలిసినంతలో ఇది.

నీలిగవ్వ
రెండు రాత్రులు ఇవన్నీ చదువుతూనే ఉన్నాను. రాత్రిబండి గారు చెప్పినట్టు ఒక్క నియమం మార్చి మొదలుపెట్టా: ఆ ఊళ్లో శబ్దానికి బరువుంటుంది. పెళ్లిలో ఒక అమ్మాయి చెబుతున్న ముక్క ఇది, మొహమాటం లేకుండా చెప్పండి.

"మేళం మొదలవగానే నా మోకాళ్లు వంగాయి. పక్కవాళ్లవి వంగలేదు. వాళ్లకి భుజాల కింద పుట్టుకతోనే ఒక ఎముక ఉంటుంది, బరువు దాని మీదుగా నేలలోకి జారిపోతుంది. నాకది లేదు. వంటశాలలో స్టీలు గ్లాసు పడింది, అరకిలో. ఎవరో చిటికె వేశారు, పది గ్రాములు. పెద్దత్త నా గడ్డం పట్టుకుని 'నేనెవరో చెప్పుకో' అంది, నాలుగు కిలోల గొంతుతో. చెప్పాలంటే ముందు దాన్ని కిందికి దించాలి. దించుతుండగానే వెనక నుంచి నవ్వులు వచ్చి మీద పడ్డాయి. పెద్దత్త నా పేరు కూడా మర్చిపోలేదు, నన్ను చిన్నప్పుడు ఎత్తుకుంది, ఆవిడంటే నాకు ఇష్టం. 'నోరు విప్పదేం, ఇంత పొగరా' అంది. అది ఇంకో రెండు కిలోలు."

వరంగల్_వనజ
'ఆవిడంటే నాకు ఇష్టం' అన్న కాడ ఆగిపోయిన. అది తీసెయ్యకు.

సుబ్బు_డల్లాస్
కిలోల లెక్క అద్భుతం. నేను చదువుతూ భుజం సవరించుకున్నాను, నిజంగా.

అద్దంవెనక
బాగుంది. ఇక గట్టిగా చెబుతాను.

పెద్ద శబ్దాలకే పెద్ద బరువు ఇచ్చారు. అది ఎవరైనా ఊహిస్తారు. నన్ను నలిపేసేది మేళం కాదు, ట్యూబ్‌లైట్ చోక్ చేసే జుయ్యిమనే చప్పుడు. ఎవరికీ వినిపించదు, ఆగదు. దానికి అరగ్రామే ఇవ్వండి, కానీ క్షణక్షణం పేరుస్తూ పోండి. పెద్దత్త వచ్చేసరికి అమ్మాయి మీద అది ఎంత పేరుకుందో పాఠకుడికి మాత్రమే తెలియాలి. పొగరు అన్న మాట అప్పుడు గుచ్చుకుంటుంది.

రెండోది, బరువంతా బాధే అయింది. మాకు కొన్ని బరువులు కావాలి. నిద్ర పట్టకపోతే రెండు బొంతలు కప్పుకుంటాను, ఎండాకాలంలోనూ. గ్రాండిన్ పశువుల్ని బిగించి పట్టే చట్రం చూసి తన ఒంటిని ఒత్తే యంత్రం తనే కట్టుకున్నారు. మీ ఊళ్లో ఏ శబ్దం బరువు ఈ అమ్మాయికి హాయినిస్తుంది? అదే మేళం, తను ఎంచుకున్న వేళకి, తను ఎంచుకున్న దూరం నుంచి వింటే? ఆనందం లేకుండా రాస్తే అది మళ్లీ పాపం కథే, వేరే గ్రహం మీద.

మూడోది, పెళ్లి అయిపోయిన మర్నాడు రాయండి. అందరూ ఆ పూట రాసి వదిలేస్తారు. మర్నాడు పళ్లు తోముకోవడానికి చెయ్యి లేవదు. మాటలు మెదడులో ఉంటాయి, బయటికి రావు. చుట్టూ అంతా నిశ్శబ్దమే, ఇంకేం బాధ అంటారు ఇంట్లోవాళ్లు.

మీనాక్షి_విశాఖ
ముక్క చదివాను. పెళ్లిళ్లలో మా అమ్మాయి బీరువాకీ గోడకీ మధ్య దూరిపోయి వీపు గట్టిగా ఆనించి నిలబడుతుంది. చీర నలుగుతుంది, జుట్టు రేగుతుంది, లాగేసేదాన్ని. ఆ బొంతల మాట చదివాక ఇంకెప్పుడూ లాగను.

కానీ నీలిగవ్వా, నీ అమ్మాయి లోపల చక్కటి తెలుగులో ఆలోచిస్తోంది. మా పిల్ల లోపల అలా వాక్యాలు ఉంటాయో ఉండవో నాకు తెలియదు. ఉన్నాయని రాసేస్తే నాకు ఓదార్పుగా ఉంటుంది. ఆ ఓదార్పు నువ్వు నాకు ఇవ్వకు.

రాత్రిబండి
దీనికి ఒక పద్ధతి ఉంది. ఒక అధ్యాయంలో ఇంకో అమ్మాయి రావాలి. ఆమె గురించి లోపలి వాక్యం ఒక్కటీ రాయొద్దు. బరువులు, ఎక్కడ ఆనుకుంది, ఎప్పుడు కదిలింది, ఏది దగ్గరికి లాక్కుంది, ఏది తోసేసింది, అంతే. కథ చెప్పే అమ్మాయికి కూడా ఆమె పూర్తిగా అర్థం కాకూడదు. ఆటిజం ఉన్నవాళ్లంతా ఒకళ్లకొకళ్లు తెరిచిన పుస్తకాలేం కారు కదా.

బెజవాడ_బాబాయ్
ఆ అమ్మాయి దగ్గర ఎవరో ఒకరు నోట్‌బుక్ పట్టుకుని కూర్చోవాలి. చాలా పేజీలు ఖాళీగానే ఉండాలి.

కర్నూలు_కుర్రోడు
నేను మొదట చెప్పిన గ్రహాంతరవాసి ఐడియా ఇంక వద్దులే. ఒకటి అడగల్ల. ఆ ఊరోళ్లకి భుజం కింద ఎముక ఉంది అన్యావు. ఈయమ్మికి కూడా ఆపరేషన్ చేసి ఎముక పెట్టిస్తారా చివర్లో?

నీలిగవ్వ
అదే తేలడం లేదు. ఎముక పెట్టిస్తే ఆ బొంతల హాయి కూడా పోతుంది. పెట్టకపోతే మీనాక్షి గారి కోపానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికి అనుకుంటున్నది, డాక్టరు వస్తాడు, అడుగుతాడు, ఇద్దరు అమ్మాయిలకీ ఒకే జవాబు ఉండదు. రెండో అమ్మాయి జవాబు ఏమిటో ఎలా తెలుసుకోవాలన్న దాని మీదే ఊరు చీలిపోతుంది. ఆటిజం అన్న పేరు ముందుమాటలో కాదు, కథలోనే పెడతాను.

అద్దంవెనక గారూ, చోక్ చప్పుడు, హాయి బరువు రెండూ పెట్టి తిరగరాస్తున్నాను. పూర్తయ్యాక చదువుతారా? మీ సమయానికి డబ్బు ఇస్తాను, ఊరికే అడగను. మీనాక్షి గారూ, రెండో అమ్మాయి అధ్యాయం మీరు చూడకుండా ఎవరికీ పంపను.

మీనాక్షి_విశాఖ
పంపు. రాత్రి పది దాటాకే చదవగలను, ఆలస్యమైతే ఏమీ అనుకోకు.

అద్దంవెనక
చదువుతాను. ఫోన్ చేయొద్దు, రాసే పంపండి, జవాబు కూడా రాసే ఇస్తాను. మర్నాటి అధ్యాయం రాయకుండా మాత్రం పంపకండి.